కనుబొమల మధ్య పదకొండు: ఒక బోటాక్స్ కేసు, ఒక వాలిన రెప్ప

కుర్చీలో కూర్చోగానే ఆవిడ నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి చేతి గడియారం అద్దానికి అంటించుకున్నారు. "ఇప్పుడు చూడండి డాక్టర్ గారూ" అన్నారు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, కుడిదానికంటే ఎడమది లోతు. వీటిని మేం మాటల్లో "పదకొండు" అంటుంటాం. బొట్టు ఉన్నంతసేపూ చూపు దాని మీదే ఆగుతుంది కాబట్టి గీతలు అంతగా తెలియలేదు. బొట్టు తీసేసరికి ముఖం ఒక్కసారిగా చిరాకు పడ్డట్టు కనిపించింది. ఆవిడ మాత్రం అప్పుడు నవ్వుతూనే ఉన్నారు.

వయసు 47. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. "పిల్లలు వెనకాల నన్ను దుర్వాస మేడం అంటారటండీ. నాకు నిజంగా కోపం రాదు. ముఖమే అలా పడిపోయింది." కూతురు డల్లస్‌లో ఉద్యోగం చేస్తోంది. పెళ్ళి ఇక్కడే, రాజమండ్రిలో, సరిగ్గా 38 రోజుల్లో. ముడతలు తగ్గించే బోటాక్స్ సూది సలహా కూడా కూతురిదే. వీడియో కాల్‌లో "అమ్మా, ఫోటోల్లో నువ్వు పెళ్ళి ఇష్టం లేనట్టు ఉంటావు" అందట.

ఈ కేసు ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. బాగా కుదిరిన కేసులు బోలెడు ఉన్నాయి, వాటిని రాసుకుంటే నాకే బాగుంటుంది. కానీ ఈ సూది గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పాల్సినదంతా ఈ ఒక్క కేసులోనే ఉంది, నా పొరపాటుతో సహా.

మొదటి రోజు

ఆవిడ ఫోన్‌లో ఒక ప్యాకేజీ స్క్రీన్‌షాట్ తెచ్చుకున్నారు. నుదుటి అడ్డగీతలు, పదకొండు, కళ్ళ చివర ముడతలు, మూడూ కలిపి ఒక రేటు. "ఇదంతా ఒకేసారి చేసేయండి" అన్నారు. ఇంకో సందేహం కూడా ఉంది. "మా పార్లర్‌లో జుట్టుకు బోటాక్స్ అని చేస్తారు, అదీ ఇదీ ఒకటేనా?" కాదు. జుట్టుకు పెట్టే దాంట్లో ఈ మందు చుక్క కూడా ఉండదు. జుట్టు నునుపుగా కనిపించేలా చేసే పూత అది, పేరు మాత్రం ఇక్కడి నుంచి అరువు తెచ్చుకున్నారు.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "ఇది విషమట కదండీ?"

ఔను, విషమే. దాన్ని దాచడం నాకు నచ్చదు. 1820ల మొదట్లో జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే డాక్టరు, పాడైన సాసేజ్‌లు తిన్నవాళ్ళకు రెప్పలు వాలిపోయి, మింగుడు పడక, ఊపిరి అందక చనిపోవడం గురించి వివరంగా రాశాడు. ఈ సూదిలో ఉన్నది ఆ విషమే. అది ఎప్పటికైనా మందుగా పనికొస్తుందని కూడా కెర్నర్ ఊహించాడు. 1890ల్లో బెల్జియంలో వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త దానికి కారణమైన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలాన్ స్కాట్ దీన్ని మెల్లకన్నుకు వాడి చూపించాడు, 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాంకూవర్‌లో కంటి డాక్టర్ జీన్ కరుథర్స్ రెప్పలు అదిరే జబ్బుకు ఇదే సూది ఇస్తుంటే, ఒక పేషెంట్ "కనుబొమల మధ్య కూడా వేయండి, అక్కడ వేస్తే గీతలు పోతున్నాయి" అని అడిగింది. జీన్ భర్త అలస్టేర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ విషయం ప్రచురించారు. పదకొండు గీతలకు అమెరికాలో అధికారిక అనుమతి 2002లో వచ్చింది. అంటే ముడతలకు సూది కనిపెట్టింది ఒకరకంగా పేషెంటే.

ఆవిడ లెక్కల మనిషి కాబట్టి లెక్కలోనే చెప్పాను. కనుబొమల మధ్య మామూలు మోతాదు 20 యూనిట్లు. తరచూ వచ్చే మైగ్రేన్‌కు తల చుట్టూ 155 యూనిట్లు ఇస్తారు. పక్షవాతం తర్వాత బిగుసుకుపోయిన చేతికి 400 యూనిట్ల దాకా వెళ్తారు. ఇదంతా ఒక బ్రాండు కొలత. వేరే బ్రాండు యూనిట్లు వేరు, అటూ ఇటూ మార్చి లెక్కేయకూడదు. "మీ దగ్గర 20, పక్క క్లినిక్‌లో 50 అంటున్నారు" అని గొడవపడే ముందు అడగాల్సింది బ్రాండు పేరు.

పనిచేసే పద్ధతి తేలికే. కండరం ముడుచుకోవాలంటే నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి. ఈ మందు నరం కొసలోకి చేరి ఆ విడుదలను ఆపేస్తుంది. కండరం చచ్చిపోదు, దానికి కబురు అందదు, అంతే. మూడు నాలుగు నెలల్లో నరం తన దారి తాను బాగుచేసుకుంటుంది, గీతలు మళ్ళీ వస్తాయి. "ఆపేస్తే ఇంకా ఎక్కువవుతాయట కదా?" అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఎక్కువ కావు. నాలుగు నెలలు నున్నటి నుదురు చూసుకున్న కళ్ళకు పాత గీత కొత్తగా కనిపిస్తుంది.

రెప్పల్ని మోస్తున్న నుదురు

ఆవిడ మాట్లాడుతుంటే నేను గమనించింది వేరే. కనుబొమలు ఎప్పుడూ కాస్త పైకి లేచే ఉన్నాయి. కళ్ళు మూసుకోమని, నుదుటిని అరచేత్తో మెల్లగా నిమిరి, కనుబొమల్ని కదలకుండా పట్టుకుని, అప్పుడు కళ్ళు తెరవమన్నాను. పై రెప్పల చర్మం వెంట్రుకల మీదికి జారింది. ఎడమవైపు ఇంకాస్త ఎక్కువ. "అబ్బా, బరువుగా ఉందండీ" అన్నారు.

కనుబొమను పైకి ఎత్తే కండరం నుదుటి మీది ఫ్రంటాలిస్ ఒక్కటే. కిందికి లాగేవి చాలా ఉన్నాయి. వయసుతో రెప్ప చర్మం వదులైతే, చూపు అడ్డు తొలగడానికి ఆ ఒక్క కండరం పొద్దస్తమానం పనిచేస్తుంది. ఆవిడ నుదుటి అడ్డగీతలు మోతకూలీ చేతిలో కాయల్లాంటివి. గీతలు పోవాలని అక్కడ సూది వేస్తే, మోసేవాణ్ణి కూర్చోబెట్టినట్టే. నుదురు నున్నగా అవుతుంది, కళ్ళు మాత్రం నిద్రమత్తులో ఉన్నట్టు అయిపోతాయి, మూడు నెలలపాటు.

అందుకే నుదుటికి వద్దన్నాను. కళ్ళ చివర ముడతలకు కూడా వద్దన్నాను, దానికి వైద్య కారణం ఏమీ లేదు. నవ్వినప్పుడు అవి ఆవిడకు బాగున్నాయి, నా అభిప్రాయం అంతే. ప్యాకేజీ మూడింటిలో ఒక్కటి మిగిలింది: పదకొండు. 20 యూనిట్లు, యూనిట్ రూ.350 చొప్పున రూ.7,000. తక్కువ చేస్తానన్నందుకు ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాను. ముఖం చిట్లించినప్పుడు మాత్రమే కనిపించే గీత వేరు, మామూలుగా ఉన్నప్పుడూ కనిపించే గీత వేరు. బీరువాలో ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుచీర విప్పితే ఆ మడత గుర్తు ఉండిపోతుంది కదా. ఎడమ గీత ఆ రకం. మెత్తబడుతుంది, పూర్తిగా పోదు.

గర్భం, పాలిచ్చే వయసు ప్రశ్న లేదు. మయస్థీనియా లాంటి, కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు లేదు, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు లేవు, ఈ సూది ప్రభావాన్ని పెంచే అమైనోగ్లైకోసైడ్ రకం యాంటీబయాటిక్ ఏదీ ఈ మధ్య తీసుకోలేదు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు చేయించుకుందామని ఆవిడ ఆలోచన, అది మాత్రం కుదరదన్నాను. మందు మూడో రోజుకు మొదలై రెండు వారాలకు పూర్తిగా పట్టుకుంటుంది. తేడా వస్తే సరిచేసుకోవడానికి ఇంకో రెండు మూడు వారాలు చేతిలో ఉండాలి. ఆ రోజే చేద్దామని తేల్చుకున్నాం. ఆ ముందుచూపు ఇద్దరినీ కాపాడింది, ఎలాగో తర్వాత తెలుస్తుంది.

బొట్టు కింద చర్మం చుట్టుపక్కల కంటే తెల్లగా ఉందని కూడా ఫైల్లో రాసుకున్నాను. స్టిక్కర్ జిగురులోని ఒక రసాయనం కొందరిలో రంగు కణాలను దెబ్బతీస్తుంది. కొన్నాళ్ళు కుంకుమో, ఖాళీ నుదురో చూసుకోమన్నాను. ఆవిడ అడిగింది గీతల గురించే అయినా, చర్మం డాక్టరుకు అది కనబడక మానదు.

సూది

వయల్, అంటే మందు సీసా, ఫ్రిజ్‌లోంచి ఆవిడ కళ్ళ ముందే తీశాం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు అది. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూపించి, ఫైల్లో ఆ స్టిక్కర్ అంటించాం. ఇది చాదస్తం కాదు. 2024లో అమెరికాలో నకిలీ బోటాక్స్ వేయించుకుని జనం ఆస్పత్రి పాలైతే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. ఎవరైనా వయల్ చూపించడానికి తటపటాయిస్తే లేచి వచ్చేయండి.

100 యూనిట్ల పొడి, 2.5 మిల్లీలీటర్ల సెలైన్. అంటే 0.1 మిల్లీలీటరుకు 4 యూనిట్లు. తెల్ల పెన్సిల్‌తో ఐదు చుక్కలు పెట్టాను. ముక్కు మొదట్లో, బొట్టు పెట్టుకునే చోటుకు కొంచెం కిందగా, ఒకటి. కనుబొమను లోపలికి లాగే కారుగేటర్ కండరం మీద అటు రెండు, ఇటు రెండు. ఒక్కో చుక్కకు 4 యూనిట్లు. సన్నటి సూది, ఐదు గండుచీమల కాటు. "ఇంతేనా?" అన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. సూది పడ్డచోట దోమ కుట్టినట్టు ఉబ్బి అరగంటలో అణిగింది.

పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పాను: నాలుగు గంటలు పడుకోవద్దు, ఆ చోట రుద్దవద్దు, బొట్టు అదిమి పెట్టవద్దు. రేపు ఈ వేళ దాకా తలంటు, ఫేషియల్, జిమ్ వద్దు. రాత్రి తలనొప్పి వస్తే పారాసెటమాల్ వేసుకోండి. మింగడానికి, ఊపిరికి ఇబ్బంది అనిపిస్తే మాత్రం నాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి.

మూడో రోజు, తొమ్మిదో రోజు

మూడో రోజు ఉదయం వాట్సాప్ మెసేజ్: "ఏమీ మార్పు లేదండి. డబ్బులు దండగేనా?" ఈ మెసేజ్ నాకు నూటికి తొంభై మంది పంపుతారు. ఆగమన్నాను. ఐదో రోజు: "చిట్లించాలని చూస్తే రావట్లేదు!!" రెండు ఆశ్చర్యార్థకాలు. ఏడో రోజు క్లాసులో ఒక పిల్లాడు ధైర్యం చేసి వెకిలి డౌటు అడిగాడట, ఈవిడ గుడ్లురిమినా వాడు భయపడలేదట. ఇది నేను ఊహించని దుష్ఫలితం.

తొమ్మిదో రోజు ఉదయం మెసేజ్ కాదు, మనిషే వచ్చారు. ఎడమ కన్ను సగం మూసుకున్నట్టు ఉంది. వెంట భర్త, ఆయన వెనక అపరాధి ముఖంతో అత్తగారు.

ముందు కొలిచాను. కంటిపాప మధ్యలో టార్చ్ మెరుపు నుంచి పై రెప్ప అంచు దాకా కుడివైపు 4 మిల్లీమీటర్లు, ఎడమవైపు 2. కనుబొమలు రెండూ వాటి చోట్లోనే ఉన్నాయి, కాబట్టి జారింది కనుబొమ కాదు, రెప్పే. రెండుగా కనిపించడం లేదు, మింగుడు బాగుంది, పాప సైజులో తేడా లేదు. నిమిషంపాటు పైకే చూడమంటే రెప్ప మరింత వాలిపోలేదు, కాబట్టి మయస్థీనియా అనుమానం తగ్గింది. మందు కొద్దిగా కంటి గూటిలోకి దిగి రెప్పను ఎత్తే లివేటర్ కండరాన్ని తాకింది. పదకొండు గీతలకు అనుమతి వచ్చిన నాటి పరీక్షల్లోనే దాదాపు నూటికి ముగ్గురిలో ఇది కనిపించింది. సూదికి ముందు ఇచ్చే సమ్మతి పత్రంలో ఆ మాట ఉంది, ఆవిడ చదివే సంతకం పెట్టారు. అయినా 29 రోజుల్లో పెళ్ళి పెట్టుకున్న తల్లికి శాతాలు చెబితే ఏం ఊరట.

అప్పుడు అత్తగారు నోరు విప్పారు. "నేనే తలంటి పోశానమ్మా, మర్నాడు పొద్దున. వద్దన్నారని తెలియదు. నుదురంతా నూనె పెట్టి మర్దన చేశాను." భర్త తల్లి వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోడలు మాత్రం ఏమీ అనలేదు.

నాకు తేలిక దారి దొరికింది. "ఔనండీ, అందుకే చెప్పాను కదా" అంటే చాలు, కేసు మూసుకుపోయేది. కానీ మందు నరం కొసలకు అతుక్కునేది మొదటి గంటల్లోనే. పద్దెనిమిది గంటల తర్వాత చేసిన తలంటు రెప్పను వాల్చిందంటే నేను నమ్మను. అసలు ఆ నాలుగు గంటల నియమానికే గట్టి రుజువులు తక్కువ, ముందుజాగ్రత్తగా చెబుతాం. మొదటి రోజు ఫోటోలు కంప్యూటర్లో తెరిచాను.

చుక్కలు పెట్టాక తీసిన ఫోటోలో ఎడమ చుక్క ఎముక అంచుకు సెంటీమీటరు పైన, నియమం ప్రకారమే ఉంది. కానీ ఆ ఫోటోలో ఆవిడ కనుబొమలు పైకెత్తి ఉన్నాయి, ఎప్పటిలాగే. చుక్కలు పెడుతున్నప్పుడు ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉన్నారు. తర్వాత కుర్చీ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకోమన్నాను. నుదురు సడలింది. చర్మం కిందికి జారింది, చర్మంతోపాటు నా చుక్క కూడా. బరువు రెప్ప ఉన్న ఎడమవైపు ఎక్కువ జారి ఉంటుంది. నేను చుక్కను నమ్మి సూది దించాను, వేలితో ఎముకను తడిమి చూడలేదు.

ఈ నుదురు రెప్పల్ని మోస్తోందని కనిపెట్టి, గర్వంగా ఆవిడకు క్లాసు చెప్పి, అందుకే నుదుటికి సూది వద్దన్నది నేనే. పది నిమిషాల తర్వాత అదే సంగతి మర్చిపోయి గుర్తులు పెట్టిందీ నేనే.

"తలంటు వల్ల కాదమ్మా" అని అత్తగారితో అన్నాను. "నా సూది ఒక నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి పడింది." గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. భర్త ఇంటికెళ్ళాక ఏమన్నారో తెలియదు, అక్కడ మాత్రం అడిగింది ఒక్కటే: "పెళ్ళికి తగ్గుతుందా?"

చుక్కల మందు

దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. ఈ మాట సూదికి ముందే అందరికీ తెలియాలి. చర్మం కింద నింపే జెల్, అంటే ఫిల్లర్ అయితే చాలా రకాలకు కరిగించే మందు ఉంది, దీనికి ఆగడమే. అయితే ఆగేలోపు ఒక చిన్న సాయం చేయొచ్చు. పై రెప్పను ఎత్తడంలో ముల్లర్ కండరం అని ఇంకో చిన్నది ఉంటుంది. దాని నరాలు వేరే రకం, బోటాక్స్ దాని పని ఆపలేదు. ఎప్రాక్లోనిడిన్ అనే కంటి చుక్కలు దాన్ని తట్టిలేపితే రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. మామూలు మందుల షాపుల్లో దొరకడం కష్టం, తెప్పించాల్సి వచ్చింది. ముందు కంటి డాక్టరుకు చూపించి, 0.5 శాతం చుక్కలు రోజుకు మూడుసార్లు మొదలుపెట్టాం. ఫలితం కొన్ని గంటలే, కాబట్టి కాలేజీకి వెళ్ళే ముందు ఒకటి వేసుకునేవారు.

ఆ మూడు వారాలూ వారానికోసారి రమ్మన్నాను, ఫీజు తీసుకోలేదు. 12వ రోజు చుక్కలతో 3 మిల్లీమీటర్లు. 17వ రోజు చుక్కలు లేకుండా రెండున్నర. ఆ వారం ఆవిడ శుభలేఖలు పంచడానికి నల్లద్దాలు పెట్టుకుని వెళ్ళారు. "కళ్ళకలక వచ్చిందని చెప్పాను, ఎవరూ దగ్గరికి రాలేదు, పని త్వరగా అయింది" అన్నారు. నేను నవ్వాలో వద్దో తెలియక కొలత రాసుకున్నాను. 24వ రోజు మూడున్నర. 31వ రోజు చుక్కలు ఆపేశాం, తేడా వెతికితే తప్ప కనిపించలేదు.

మరి పదకొండు? అది చక్కగా పనిచేసింది. కుడి గీత పోయింది, ఎడమది చెప్పినట్టే సన్నటి నీడలా మిగిలింది. పెళ్ళి ఫోటో ఒకటి పంపారు. జీలకర్ర బెల్లం వేళ అక్షింతలు చేతిలో పట్టుకుని, కుంకుమ బొట్టుతో, ఏడుపు ఆపుకుంటున్న తల్లి. కనుబొమల మధ్య ఏ చిరాకూ లేదు. కళ్ళు రెండూ సమానంగా తడిసి ఉన్నాయి.

మళ్ళీ వచ్చారు

ఐదు నెలలకు ఆవిడ పేరు అపాయింట్‌మెంట్ పుస్తకంలో చూసి నేను ఆశ్చర్యపోయాను. గీతలు పాత లోతుకు ఇంకా రాలేదు, వస్తున్నాయి. "పిల్లలు మళ్ళీ భయపడుతున్నారు, అది మంచిదే అనుకోండి, కానీ మా అమ్మాయి ఊరుకోవడం లేదు." వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అని నేనే అడిగాను. "ఎక్కడ తప్పు పోయిందో మీకు తెలుసు కదండీ" అన్నారు. లెక్కల మేడం లెక్క అది.

ఈసారి రెప్పల సంగతి ముందు తేల్చుకుందామన్నాను. చూపుకు అడ్డొస్తున్న వదులు చర్మానికి దారి సూది కాదు, కంటి ప్లాస్టిక్ సర్జన్ చేసే చిన్న ఆపరేషన్. అదయ్యాక నుదుటి మోత తగ్గుతుంది. వేసవి సెలవుల్లో చూద్దామన్నారు. పదకొండుకు మాత్రం ఆ రోజే. కనుబొమల బయటి వైపు రెండు చుక్కలు మానేసి, మధ్యలో ఒకటి, లోపలి వైపు రెండు, మొత్తం 12 యూనిట్లకు ఒప్పుకున్నారు. పనితనం కాస్త తగ్గుతుంది, ఎక్కువ రోజులు నిలవకపోవచ్చు, అదీ చెప్పాను.

తెల్ల పెన్సిల్ తీశాను. ఆవిడ కూతురి కొత్త కాపురం గురించి చెప్పడం మొదలుపెట్టారు, కనుబొమలు పైకి లేచాయి. "ఒక్క నిమిషం మాట్లాడకండి" అన్నాను. కుర్చీ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకోమని, ఎడమ బొటనవేలు ఎముక అంచు మీద ఆనించి, నుదురు పూర్తిగా సడలేదాకా ఆగాను. అప్పుడు మొదటి చుక్క పెట్టాను.